బంటి బ్లోయర్: నాలుగు వేసవుల తర్వాత

దట్టమైన బొచ్చున్న కుక్కని ఎన్నేళ్లు పెంచినా దాని చర్మం మనకి కనపడదు. మా బంటి గోల్డెన్ రిట్రీవర్. రోజూ నిమురుతాను, దువ్వుతాను, నిద్రపోయేటప్పుడు వాడి తల నా కాళ్ల మీదే ఉంటుంది. అయినా మొదటి మూడేళ్లలో వాడి చర్మాన్ని నేను చూసింది పొట్ట మీదా, తొడల లోపలి వైపూ మాత్రమే. వీపు మీద చర్మం ఏ రంగులో ఉంటుందో స్నానం తర్వాత కుక్క బొచ్చు ఆరబెట్టే ఈ బ్లోయర్ పట్టిన రోజే మొదటిసారి చూశాను. ఈ మిషన్ అంటే నాకున్న ఇష్టమంతా అందుకే.

కొన్నది మాత్రం ఆరబెట్టడానికి. నాలుగేళ్ల కిందట ఒక వేసవి సాయంత్రం స్నానం చేయించి, తువ్వాలుతో గట్టిగా తుడిచి, ఫ్యాన్ కింద వదిలేశాను. పైన చెయ్యి వేస్తే పొడిగానే ఉంది. లోపల ఉండే మెత్తటి బొచ్చు, అదే అండర్‌కోట్, తెల్లారేదాకా తడిగానే ఉండిపోయింది. మర్నాడు తుంటి మీద ఒకటే నాకుడు. పొద్దున గోరంత ఉన్న ఎర్ర మచ్చ సాయంత్రానికి అరచెయ్యంత అయింది, చుట్టూ బొచ్చు అట్టకట్టి రసి కారుతోంది. హాట్ స్పాట్ అన్నారు డాక్టరు. అక్కడి బొచ్చు తీసేసి, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశినిని పలచగా కలిపి కడిగి, పుండు నాక్కోకుండా మెడ చుట్టూ గరాటు లాంటి కోన్ కట్టి పంపారు. ఉక్కపోత రోజుల్లో తడి లోపలే చిక్కుకుంటే చర్మం నానిపోతుందనీ, దాని మీద మామూలుగా ఉండే బ్యాక్టీరియాకి ఆ అదను చాలనీ అప్పుడే తెలిసింది. ఆ వారమే బ్లోయర్ కొన్నాను.

వాట్లు, వేగాల లెక్కల జోలికి పోను. ఈ తరహా బ్లోయర్లు ఇంచుమించు అన్నీ ఒకలాగే పనిచేస్తాయి. గాలి జోరుకి నీళ్లు బొచ్చులోంచి బయటికి ఎగిరిపోతాయి, వేడితో ఆవిరి చేయాల్సిన పని లేదు. తువ్వాలుతో ఎంత తుడిచినా రాని నీళ్లు వెనక గోడ మీద తుంపర్లుగా పడటం చూస్తే, ఇన్నాళ్లూ వాడి ఒంటి మీద ఎంత తడి వదిలేశానో అర్థమైంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. నాజిల్‌ని, అంటే గాలి వచ్చే గొట్టం మూతిని, జానెడు దూరంలో పెట్టి, వీపు మీద బొచ్చుకి నిలువుగా పట్టండి. చెరువులో రాయి వేసినట్టు బొచ్చు గుండ్రంగా విచ్చుకుంటుంది. ఆ గుండ్రం మధ్యలో లేత గులాబీ రంగులో, ఒక్క వెంట్రుక కూడా అడ్డం లేకుండా, చర్మం కనపడుతుంది. చెయ్యి నెమ్మదిగా జరుపుతుంటే ఆ గుండ్రం మెడ నుంచి తోక దాకా నడుచుకుంటూ పోతుంది. చుండ్రు, పొక్కులు, ఎర్రదనం, ఆవగింజంత పిడుదు, దేన్నీ బొచ్చు దాచలేదు. బంటి ఎడమ డొక్క మీద ఒక చిన్న నల్ల మచ్చ ఉంది. అది పుట్టుమచ్చేనని డాక్టరు చూసి చెప్పారు. అది పెరగలేదని ప్రతి స్నానానికీ నిర్ధారించుకుంటాను.

రెండో వేసవిలో ఇది ఎంత పనికొచ్చిందో చెప్పాలి. తోక మొదట్లో మిరియపు పొడి చల్లినట్టు నల్లటి నలుసులు కనిపించాయి. వాడు గోక్కోవడం లేదు, పురుగు ఒక్కటీ కంటపడలేదు. మట్టేమో అనుకుని తడిపిన తెల్ల టిష్యూతో అద్దాను. నలుసు చుట్టూ మెల్లగా ఎర్ర గోధుమ రంగు మరక పాకింది. మట్టైతే అలా పాకదు. అది ఫ్లీస్ అనే చిన్న పురుగులు తాగిన రక్తం, వాటి మలం రూపంలో. అదే రోజు డాక్టరు దగ్గరికెళ్లి మందు తెచ్చాను, పరుపులూ దుప్పట్లూ వేడి నీళ్లలో ఉతికాను, సోఫా సందులన్నీ వాక్యూమ్ పెట్టాను. కుక్క ఒంటి మీద కనిపించే ఫ్లీస్ కొన్నే. గుడ్లూ, లార్వాలూ, గూళ్లూ ఇంట్లో నేల మీదా పరుపుల్లోనే ఎక్కువ ఉంటాయి. ఫ్లీస్ లాలాజలానికి అలర్జీ ఉన్న కుక్కలకి ఒకటి రెండు కాట్లు చాలు, ఒళ్లంతా పీక్కుంటాయి. ఆ వేసవి బంటికి దురదే రాలేదు. ఆ సంతోషంలో తెలిసిన వాళ్లందరికీ ఒకటే చెప్పాను: బ్లోయర్ ఉంటే హాట్ స్పాట్లు రావు అని.

ఆ మాటని ఇప్పుడు సగం వెనక్కి తీసుకుంటున్నాను.

కిందటి వేసవిలో బంటి ఈత కొట్టి వచ్చాడు. మంచినీళ్లతో కడిగి, ముప్పావుగంట కూర్చుని ఒళ్లంతా బ్లోయర్‌తో ఆరబెట్టాను, చర్మం అంగుళం అంగుళం చూశాను. తలని మాత్రం ఎప్పటిలాగే తువ్వాలుతో తుడిచి వదిలేశాను. ఈ గాలి కళ్లకీ చెవులకీ తగలకూడదు, మొహం దగ్గరికి నాజిల్ తేకూడదు. అది సరైన జాగ్రత్తే. కానీ బొచ్చు కింద ఏముందో చూడటానికి బ్లోయర్‌నే నమ్ముకున్న నేను, అది వెళ్లని చోటిని చూడటమే మానేశానని గమనించలేదు.

మూడో రోజు వాడు తల విదిలించడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు వెనక కాలితో చెవి గోక్కుంటున్నాడు. చెవి ఎత్తి చూస్తే కాస్త వాసన వచ్చింది, సాయంత్రం శుభ్రం చేద్దామనుకున్నాను. సాయంత్రం చెవి కింద, బుగ్గ మీద బొచ్చులోకి వేళ్లు పోనిస్తే వేళ్లకి జిగటగా అంటుకుంది. వాడు ఒక్కసారి అరిచి తల లాక్కున్నాడు. ఏడేళ్లలో నా చేతి కింద వాడు అలా అరవడం అదే మొదలు. డాక్టరుని ముట్టుకోనివ్వకపోతే మత్తిచ్చి బొచ్చు తీయాల్సి వచ్చింది. బుగ్గంతా పచ్చి పుండు. మూలం చెవిలో ఉంది. నీళ్లు నిలిచి చెవికి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఆ బాధకి గోక్కుని గోక్కుని బుగ్గ పుండు చేసుకున్నాడు. చెవికి చుక్కలు, పుండుకి మందు, రెండు వారాలు కోన్. ఆ కోన్‌తో గుమ్మానికి తగిలి ఆగిపోయి నా వైపు చూసేవాడు.

ఇప్పుడు స్నానం తర్వాత ముందు తల పని పూర్తి చేస్తాను. డాక్టరు ఇచ్చిన ఇయర్ క్లీనర్‌తో చెవులు తుడిచి, చెవి కింది బొచ్చుని వేళ్లతో పాయలు తీస్తూ, పొడి గుడ్డతో మొదలంటా ఆరేదాకా అద్దుతాను. బ్లోయర్ ఆ తర్వాతే.

ఇంకో సవరణ కూడా ఉంది. బ్లోయర్‌లో హీటర్ ఆపేస్తే చల్లగాలే వస్తుందని, మొదట్లో దీని గురించి రాసినప్పుడు అన్నాను. నిజం కాదు. మోటారు వేడికే గాలి వెచ్చబడుతుంది, ఫిల్టర్ బొచ్చుతో మూసుకుపోతే ఇంకా ఎక్కువ. కుక్క చర్మం పైపొర మన చర్మం కంటే పలచన, పైగా వాటికి మనలా ఒంటి నిండా చెమట పట్టదు, రొప్పడమే దిక్కు. అందుకని ప్రతిసారీ ముందు నా ముంజేతి మీద గాలి చూసుకుంటాను, ఒకే చోట ఆపను, పొద్దున్నే చేస్తాను, వాడు రొప్పడం మొదలుపెడితే స్విచ్ ఆపేసి నీళ్లిస్తాను. పచ్చి పుండు ఉన్న చోట అసలు పట్టను.

చప్పుడు చాలా పెద్దది. బంటికి అలవాటు చేయడానికి నెల పట్టింది. మొదట ఆపి ఉన్న మిషన్ పక్కన కూర్చోబెట్టాను, తర్వాత పక్క గదిలో ఆన్ చేశాను, ఆ తర్వాత చెవుల చుట్టూ మెత్తటి గుడ్డ కట్టి కాళ్ల దగ్గర మొదలుపెట్టాను. అంత ఓపిక లేకపోతే కొనొద్దనే చెబుతాను. భయపడే కుక్కకి దీన్ని బలవంతంగా పట్టడం అన్యాయం.

వేసవిలో బొచ్చంతా గీయించేయొచ్చుగా, ఇంత తిప్పలెందుకని అడుగుతుంటారు. రెండు పొరల బొచ్చున్న జాతులకి ఆ బొచ్చే ఎండ నుంచి కాపుదల, గీస్తే మళ్లీ సరిగ్గా పెరగకపోవచ్చు కూడా.

మీది పొట్టి బొచ్చు కుక్కైతే తువ్వాలు చాలు, చేత్తో పాయ తీస్తే చర్మం కనపడుతుంది. ఏడాది పొడుగునా దురద ఉన్న కుక్కైతే ముందు డాక్టరు, అలర్జీకి బ్లోయర్ మందు కాదు. నాది నీళ్లంటే ప్రాణం పెట్టే బొచ్చు కుక్క, వారానికో గంట నేల మీద కూర్చునే తీరిక నాకుంది, కాబట్టి ఇది పాడైతే ఇంకోటి కొంటాను. బంటి బుగ్గ మీద బొచ్చు మళ్లీ వచ్చింది, చుట్టూ ఉన్నదానికంటే కొంచెం ముదురు రంగులో. రోజూ చెయ్యి ముందు అక్కడికే వెళుతుంది.