ఎర్ర ఫ్లాట్‌వార్మ్‌ల మీద ఫ్లాట్‌వార్మ్ ఎగ్జిట్: ఏళ్లుగా వాడుతున్న అనుభవం

పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకుల్లో ఫ్లాట్‌వార్మ్‌లు అనే చదునైన చిన్న పురుగులు పడతాయి. వాటిని చంపే మందు, సాలిఫెర్ట్ వాళ్ల ఫ్లాట్‌వార్మ్ ఎగ్జిట్, చిన్న సీసా ఒకటి మా ట్యాంకు స్టాండులో ఎప్పుడూ ఉంటుంది. మేముండేది డాలస్‌లో. ట్యాంకు 75 గ్యాలన్లు, అంటే దాదాపు 280 లీటర్లు. ఎక్కువగా మెత్తటి పగడాలు, రాతి పగడాల్లో యూఫీలియాలు, పైభాగంలో కొమ్మలుగా పెరిగే ఆక్రోపోరా కొన్ని. (ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట: అక్కడ రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిని కొనే ఆలోచన పెట్టుకోకండి.)

మందు పనిచేస్తుందా అంటే, సరైన పురుగు మీద వాడితే గంటలోపే పని అయిపోతుంది. భయపడాల్సింది కూడా ఆ వేగానికే.

ముందు మీ ట్యాంకులో ఉన్నది ఏ పురుగో తేల్చుకోండి. తుప్పు రంగులో, బియ్యపు గింజ కంటే చిన్నగా, వెనకవైపు మూడు మొనలుగా చీలి ఉంటే అది ట్యాంకులు పెంచేవాళ్లు ఎర్ర ప్లనేరియా అని పిలిచే కన్వొల్యుట్రిలోబా. నీళ్లు నెమ్మదిగా కదిలే మూలల్లో, ఇసుక మీద, రాళ్ల మీద తివాచీలా పరుచుకుంటుంది. పగడాన్ని కొరకదు గానీ, మీద పరుచుకుని వెలుతురు అందకుండా చేస్తుంది. దాని ఒంట్లోనే నాచు ఉంటుంది కాబట్టి వెలుతురుతో కూడా బతికేస్తుంది. చేపలకు మేత తగ్గించినంత మాత్రాన పోదు. పైగా జత అక్కర్లేదు, వెనక చివర నుంచి పిల్ల మొగ్గ తొడిగి విడిపోతుంది. రెండు మూడు మిగిలినా మళ్లీ మొదలవుతుంది.

రాత్రి అద్దం మీద పాకే పారదర్శకమైన పురుగులు వేరు. అవి కోపెపాడ్‌లను, అంటే నీళ్లలో ఉండే అతి చిన్న రొయ్యలాంటి జీవులను, తింటాయి, పగడాల జోలికి రావు. ఆ కోపెపాడ్‌ల మీదే బతికే మందారిన్ చేప లేకపోతే నేను వాటిని పట్టించుకోను.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఆక్రోపోరాను తినే రకం, ప్రోస్తియోస్టోమమ్ ఆక్రోపోరే. 2011లో శాస్త్రవేత్తలు దాన్ని వర్ణించినప్పుడు పేరు వేరే ఉండేది. అది పగడం రంగులోనే కలిసిపోతుంది, ఎదురుగా ఉన్నా కనపడదు. కొమ్మ మీద గుండ్రటి పాలిపోయిన మచ్చలు, కింది భాగంలో చర్మం పోయిన చోట గోధుమ రంగు గుడ్ల గుంపు కనిపిస్తే అదే. దీనికి ట్యాంకులో మందు పోసి లాభం లేదు. పగడాన్ని బయటికి తీసి డిప్‌లో, అంటే మందు కలిపిన నీళ్ల గిన్నెలో, ముంచి, బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న గొట్టం) గట్టిగా నీళ్లు కొట్టి పురుగులు రాల్చాలి. డిప్‌కు గుడ్లు చావవు. వాటిని బ్లేడుతో గీకేయాలి, లేదా ఆ ముక్కే విరగ్గొట్టి పారేయాలి. వారానికోసారి చొప్పున కొన్ని వారాలు ఇదే పని. ఓపిక లేకపోతే ఆక్రోపోరా పెట్టుకోకపోవడమే మంచిది.

మళ్లీ ఎర్రవాటి దగ్గరికి వస్తాను. చచ్చేటప్పుడు వాటి ఒంట్లోంచి విషం నీళ్లలోకి వస్తుంది. చేపలు చచ్చేది చాలాసార్లు మందు వల్ల కాదు, వేల పురుగులు ఒకేసారి చచ్చి వదిలే ఆ విషం వల్ల. అందుకే నా దృష్టిలో అసలు మందు సైఫన్ పైపే. సన్నటి గొట్టంతో రోజూ కాసేపు, కొన్ని రోజులపాటు, కంటికి కనిపించినవన్నీ లాగేస్తాను. లాగిన నీళ్లు బకెట్‌లోకే, తిరిగి ట్యాంకులోకి పోయను. బాగా పలచబడ్డాకే సీసా మూత తీస్తాను.

మందు వేసే రోజు కొత్త ఉప్పునీళ్లు ముందే కలిపి, ట్యాంకు వేడికి తెచ్చి పెట్టుకుంటాను. మందును పీల్చేసే ఫిల్టర్ కార్బన్ తీసేసి, యూవీ దీపం ఆపేసి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెడతాను. మోతాదు సీసా మీద రాసిందే, కాకపోతే రాళ్లు, ఇసుక తీసేసి మిగిలిన నీళ్లకే లెక్క కట్టాలి. పురుగులు మెలితిరిగి రాలుతుంటే సైఫన్‌తో వెంటవెంటనే లాగుతూ ఉండాలి. చేపలు ఆయాసపడటం మొదలుపెడితే క్షణం ఆగకుండా కొత్త కార్బన్ వేసి, నీళ్లు మార్చాలి. అంతా సాఫీగా జరిగినా చివర్లో ఈ రెండూ చేయాల్సిందే. కొన్ని దాక్కుని మిగులుతాయి కాబట్టి వారం తర్వాత ఇంకోసారి వేస్తాను.

మందు లేకుండా కుదరదా అంటే, కొంతవరకు కుదురుతుంది. సిక్స్‌లైన్ రాస్, మెలనూరస్ రాస్, పసుపు కోరిస్ అనే చేపలు పురుగుల కోసం రోజంతా వెతుకుతూ ఉంటాయి. కానీ ప్రతి చేపా ఎర్రవాటిని తింటుందని నమ్మకం లేదు, సిక్స్‌లైన్ పెద్దదయ్యాక తోటి చేపలను తరుముతుంది కూడా. నీలి మఖమల్ స్లగ్ (కెలిడొన్యూరా వేరియన్స్) అనే గుల్ల లేని సముద్రపు నత్త ఈ రకం పురుగులనే తింటుంది. పురుగులు అయిపోయాక దానికి వేరే తిండి ఉండదు, ఆకలితో చచ్చిపోతుంది. అవసరం తీరాక ఇంకో ట్యాంకుకు ఇచ్చే స్నేహితుడు ఉంటే తప్ప దాన్ని తేవద్దు.

ఈ పురుగులు దాదాపు ఎప్పుడూ కొత్త పగడంతోనో దాన్ని అతికించిన చిన్న దిమ్మ, అంటే ప్లగ్‌తోనో లోపలికి వస్తాయి. కొత్తది ఏది తెచ్చినా డిప్ చేసి, ప్లగ్ మార్చి, కొన్ని వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచి, ఫోన్ మాక్రో కెమెరాతో అడుగుభాగం చూసి గానీ అసలు ట్యాంకులో పెట్టను. ఈ పద్ధతి కుదిరాక ఎగ్జిట్ సీసా కొనే అవసరం నాకు బాగా తగ్గింది.