టీవీ తగిలిస్తే ట్యూబ్ యాంప్ గుయ్‌మంటోందా? ఐసొలేటర్ డబ్బా ఎంతవరకు పనికొస్తుంది

సీడీ ప్లేయర్‌తో కిక్కురుమనని ట్యూబ్ యాంప్ (వాల్వులతో నడిచే యాంప్లిఫయర్), టీవీనో సెట్‌టాప్ బాక్స్‌నో తగిలించగానే గుయ్‌మని మొదలెడుతుంది. దీనికి చాలామంది కొనేది ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు ప్లగ్గుల ఆడియో వైరు) ఐసొలేటర్ డబ్బా: ఇటు రెండు సాకెట్లు, అటు రెండు, లోపల చానెల్‌కొకటి చొప్పున బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. దీనికి కరెంటు అక్కర్లేదు. హమ్ (ఆ గుయ్‌మనే శబ్దం) తీసేస్తుందా అంటే తీసేస్తుంది, కాకపోతే బాస్‌లో కొంత సుంకం వసూలు చేసుకుంటుంది.

కొనేముందు ఓ పరీక్ష. యాంప్ ఆఫ్ చేసి, ఇన్‌పుట్‌లో షార్టింగ్ ప్లగ్ (మధ్య పిన్నునూ బయటి రింగునూ కలిపేసిన ఆర్‌సీఏ ప్లగ్) పెట్టి, ఆన్ చేసి వినండి. అప్పటికీ గుయ్‌మంటుంటే జబ్బు యాంప్‌లోనే ఉంది: ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటరో, హీటర్ వైరింగో చూసుకోవాలి. దానికి ఈ డబ్బా దండగ. నిశ్శబ్దంగా ఉంటే టీవీ వైరు తిరిగి పెట్టి, టీవీ వెనక డిష్ లేదా కేబుల్ కనెక్షన్ ఒక్కటే ఊడదీయండి. హమ్ ఠక్కున ఆగిందంటే దొంగ దొరికినట్టే.

ఆ కేబుల్ షీల్డ్‌కు ఎర్త్ ఒకచోట, యాంప్ మూడో పిన్నుకు ఎర్త్ ఇంకోచోట. రెండింటి మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటుంది, దానివల్ల పారే కరెంటు మన ఆర్‌సీఏ వైరు షీల్డ్‌లోంచే పోతుంది. సిగ్నల్ తిరుగుదారి కూడా ఆ షీల్డే కాబట్టి అక్కడ పడే వోల్టేజి నేరుగా పాటలో కలుస్తుంది. 2 వోల్టుల సిగ్నల్ పక్కన 1 మిల్లీవోల్టు అంటే 66 డెసిబెల్స్ కింద ఉన్నట్టే, కానీ ట్యూబ్ యాంప్‌ల పక్కన ఉండేవి ఎక్కువగా హై సెన్సిటివిటీ స్పీకర్లు. అవి దాన్నీ వదలవు.

తప్పు కేబుల్‌దే అని తేలితే ముందు వేయాల్సింది 75 ఓమ్‌ల కోయాక్స్ ఐసొలేటర్ (టీవీ కేబుల్ మధ్యలో పెట్టి ఎర్త్ దారిని తెంపే ముక్క). అది ఆడియో జోలికే రాదు. డిష్ లైనుకు మాత్రం మామూలుది పెట్టకండి: ఎల్ఎన్‌బీకి (డిష్ ముందుండే రిసీవర్‌కు) వెళ్లే 13/18 వోల్టుల డీసీ అక్కడే ఆగిపోయి బొమ్మే రాదు. అలాంటిచోట ఆడియో డబ్బాయే గతి. యాంప్ ఎర్త్ పిన్ను పీకేసే చిట్కా జోలికి మాత్రం ఎప్పుడూ పోవద్దు. లోపల 300 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటుంది, ఇన్సులేషన్ తెగిన రోజున చాసిస్ ముట్టుకున్నవాడి ప్రాణం పోతుంది.

ఇక డబ్బా సంగతి. చేతికి రాగానే మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి ఇన్‌పుట్ బయటి రింగుకూ అవుట్‌పుట్ బయటి రింగుకూ మధ్య చూడండి. ఓపెన్ చూపాలి. మెటల్ డబ్బాకు సాకెట్లు నేరుగా బిగించేసి ఉంటే సున్నా చూపిస్తుంది, అలాంటిది ఉన్నా లేనట్టే.

చవక రకాల్లో ఉండేవి 600:600 ఓమ్‌ల ట్రాన్స్‌ఫార్మర్లు, కోర్ చిన్నది. ప్రైమరీ (సిగ్నల్ వచ్చే వైపు చుట్ట) ఇండక్టెన్స్ 1 హెన్రీ అనుకుందాం; ఇది తక్కువైతే బాస్ తగ్గుతుంది. 100 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఉన్న ప్లేయర్‌తో బాస్ 16 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పడుతుంది, పర్వాలేదు. అదే 1 కిలో ఓమ్ సోర్స్ అయితే 160 హెర్ట్జ్ దగ్గరే పడిపోతుంది. అందుకే దీన్ని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువుండే ట్యూబ్ ప్రీయాంప్ తర్వాత పెట్టడం శుద్ధ తప్పు, టీవీకీ యాంప్ ఇన్‌పుట్‌కూ మధ్యనే పెట్టాలి. పైగా గట్టి సిగ్నల్‌తో లోతైన బాస్ వస్తే చిన్న కోర్ శాచురేట్ అయి (అయస్కాంతంగా నిండిపోయి) గొంతు పూడినట్టు వినిపిస్తుంది. వార్తలకు, సీరియల్స్‌కు చాలు. సినిమాల్లో పేలుళ్లకు చాలదు.

ఇంకో లోపం: గుయ్ పోయి సన్నగా జుయ్ మిగలడం. వైండింగుల మధ్య కెపాసిటెన్స్‌లోంచి పై హార్మోనిక్స్ దూరిపోతాయి. రెండు పిన్నుల ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) ఉన్న సెట్‌టాప్ బాక్సులతో ఇది ఎక్కువ. మధ్యలో ఫారడే షీల్డ్ (రెండు వైండింగుల మధ్య గ్రౌండ్ చేసిన లోహపు పొర) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయితేనే ఇది కూడా అణుగుతుంది. జెన్సెన్ వాళ్ల జేటీ-11పీ-1 లాంటి 10 కిలో:10 కిలో ఓమ్‌ల రకం ఆ తరగతిది. ఖరీదు ఎక్కువే, కానీ బాస్ బెంగ ఉండదు.

డబ్బాను యాంప్ వైపే పెట్టి, అక్కణ్నుంచి ఇన్‌పుట్‌కు అరమీటరు లోపు వైరు వేయండి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెడితే అదే కొత్త హమ్ లాగేసుకుంటుంది. అనుమానముంటే చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి, శబ్దం మారిందంటే దూరం జరపాలి. చవక డబ్బాతో ట్రెబుల్ గీరుకుపోతున్నట్టుంటే యాంప్ ఇన్‌పుట్ 100 కిలో ఓమ్‌లో, ఇంకా ఎక్కువో అయ్యుంటుంది. సిగ్నల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

టీవీకి ఆప్టికల్ అవుట్ ఉంటే ఈ డబ్బా వద్దే వద్దు. చిన్న డీఏసీ (డిజిటల్‌ను ఆడియో సిగ్నల్‌గా మార్చే డబ్బా) కొనండి, గాజు తీగో ప్లాస్టిక్ తీగో, దాంట్లో కరెంటు పారే దారే ఉండదు. అయితే ఆ డీఏసీ అడాప్టర్‌ను యాంప్ ప్లగ్ పెట్టిన బోర్డులోనే పెట్టండి. అంతా కలిపాక చప్పుడే రాకపోతే డీఏసీని తిట్టకుండా టీవీ మెనూలో డిజిటల్ ఆడియోను డాల్బీ నుంచి పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ ఆడియోకు) మార్చి చూడండి.