‘శుభ్రం చేయడం’, ‘తోమడం’: ఏ మాట మేలు?

గులాబీ అన్నా పువ్వే, మల్లె అన్నా పువ్వే. విశేషపదం చెప్పిన చోట సామాన్యపదం అర్థం దానంతట అదే ఇమిడి ఉంటుంది. ‘శుభ్రం చేయడం’ సామాన్యపదమనీ, తోమడం, కడగడం, తుడవడం, ఊడవడం, దులపడం దాని కిందికి వచ్చే విశేషాలనీ అదే లెక్కన అనుకుంటాం కాని, ఇక్కడ ఆ లెక్క పూర్తిగా కుదరదు. ‘గిన్నెను ఎంత తోమినా శుభ్రం కాలేదు’ అన్న వాక్యంలో ఎవరికీ తప్పు కనిపించదు. ‘గిన్నెను శుభ్రం చేశాను కాని శుభ్రం కాలేదు’ అంటే మాత్రం వినేవారు మన ముఖం వంక చూస్తారు. తోమడం పని తీరును చెబుతుంది. శుభ్రం చేయడం ఫలితాన్ని చెబుతుంది.

తీరు తెలియడం వల్ల కలిగే లాభం చిన్నది కాదు. ‘పళ్ళు తోమాడు’ అంటే నోట్లోవి, ‘పళ్ళు కడిగి పెట్టాడు’ అంటే తినేవి అని క్రియను బట్టే తెలిసిపోతుంది. ‘పళ్ళు శుభ్రం చేశాడు’ అంటే ఏ పళ్ళో సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసిందే. ఫోను తెరను ‘శుభ్రం చేయండి’ అని సూచన రాస్తే, చదివినవారు దాన్ని కుళాయి కింద పెట్టినా తప్పు వారిది కాదు; ‘పొడి గుడ్డతో తుడవండి’ అని రాసి ఉంటే ఆ ప్రమాదమే లేదు. సూచనలు రాసేటప్పుడు విశేషపదమే మేలని నా అభిప్రాయం.

అయితే గది సంగతి వేరు. అందులో బూజు దులపాలి, నేల ఊడవాలి, కిటికీలు తుడవాలి. ఏది ముందో, దేనితో చేయాలో చేసేవారికి వదిలేసినప్పుడు ‘గది శుభ్రం చేయించండి’ అన్న ఒక్క మాట చాలు, అక్కడ పేరుపేరునా చెప్పడం చాదస్తమే అవుతుంది.

ఇక కోపతాపాల దగ్గర సామాన్యపదానికి చోటే లేదు. ఒకరిని మాటలతో కడిగేయవచ్చు, దులిపేయవచ్చు, ఉతికి ఆరేయవచ్చు. ‘నిన్న సభలో ఆయన్ను శుభ్రం చేశారు’ అంటే మాత్రం ఎవరికీ ఏమీ అర్థం కాదు.