వానాకాలంలో భీమిలి రోడ్డుకి సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకునేవాళ్లకి హెచ్చరిక

ఇప్పుడే కారు అప్పజెప్పి వచ్చి రాస్తున్నా. ఐదు వేల డిపాజిట్ మొత్తం కారు అద్దెకిచ్చినవాడు మింగేశాడు. పేరు రాయడం లేదు. వైజాగ్‌లో కార్లు అద్దెకి తీసుకునేవాళ్లకి ఈ బాపతు తెలిసిందే. తెల్ల నంబర్ ప్లేటు, రసీదు ఉండదు, యూపీఐ డబ్బులు ఎవరి పేరు మీదో పడతాయి.

వాడు చేసిన పని వినండి. పొద్దున తుంపర పడుతుంటే కారు ఇచ్చాడు, బండి ఒళ్లంతా తడి. తడి పెయింట్ మీద గీతలు కనబడవు. నీటి పొర గీతని నింపేస్తుంది, మెరుపు అంతటా ఒకేలా ఉంటుంది. సాయంత్రం తిరిగిస్తే షెడ్డు కిందకి పెట్టించాడు. పసుపు గుడ్డ తీసి ఎడమ వెనక డోరు ఒక్కటే తుడిచాడు. మిగతా కారంతా ఎర్రమట్టితో అలాగే ఉంది! తుడిచీ తుడవగానే వేలు సరిగ్గా గీత మీదే పెట్టాడు. అది అక్కడుందని ముందే తెలిసినవాడికి తప్ప అలా సాధ్యం కాదు. గీత పొడవునా పెయింట్ అంచులు ఉబ్బి లేచాయి, లోపల ముదురు తుప్పు. సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, నిజమే. కానీ పొద్దున పడ్డ గీతకి సాయంత్రానికే పెయింట్ ఉబ్బదు. అది నెలల తరబడి జరిగే పని.

ఆ మాటే అంటే, "ఏటండీ, బండి వానలో తిప్పేసి ఇప్పుడు మాకు పాఠాలు చెప్తారేటి? వానలో బీచ్ రోడ్డుకి ఎవలు తీసుకెళ్లమన్నారు?" అన్నాడు. అడ్వాన్స్ తీసుకునేటప్పుడు "భీమిలికే కదండీ, హాయిగా వెళ్లి రండి" అన్నదీ ఆ నోరే. ఒంట్లో ఇంకా వణుకు తగ్గలేదు.

డబ్బు కంటే ఎక్కువ మండుతున్నది కారు స్థితి చూసి. ముందు టైర్లు రెండూ దాదాపు గుండు. టైరు గాడుల అడుగున అడ్డంగా చిన్న దిమ్మలుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. టైరు పైనుండే బటన్లు అరిగి ఆ దిమ్మలతో సమానమయ్యాయంటే ఆ టైరు రోడ్డెక్కకూడదు. వానలోనైతే 3 మిల్లీమీటర్ల దగ్గరే పట్టు బాగా తగ్గిపోతుంది. గాడులు నీటిని పక్కకి తోయలేక టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగ్ తిప్పినా బండి వినదు. కైలాసగిరి కింద, తెన్నేటి పార్కు దగ్గర రోడ్డు ఒకవైపు కొండ, మరోవైపు సముద్రంతో వంపు తిరుగుతుంది. అక్కడ జారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర వాన నీటికి ఎర్ర ఇసుక రోడ్డు మీద పరుచుకుని ఉంటే బ్రేకు ఇంకా మెల్లగా, ఇంకా ముందే వేయాలి.

వైపర్ రబ్బరు ఎండకి గట్టిపడి చీలిపోయింది. సరిగ్గా డ్రైవర్ కంటి ఎదుటే చారిక వదిలేస్తుంది. రుషికొండ దాటాక సముద్రం వైపు గాలి బలంగా కొడితే అద్దం మీద ఉప్పు జిడ్డు పేరుకుంటుంది. దాన్ని వట్టి వైపర్ పులుముతుందే తప్ప తుడవదు, వాషర్ నీళ్లు ఉండాలి. ట్యాంకు ఖాళీ. ఏసీ చల్లగా రావడం లేదు కాబట్టి లోపల పట్టిన ఆవిరి పోదు. ఇలాంటి కారులో పిల్లల్ని ఎక్కించుకుని కుటుంబాలు వెళ్తున్నాయి!

తీసుకునేవాళ్లు కనీసం ఇవి చూడండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న కారే తీసుకోండి, సెల్ఫ్ డ్రైవ్ అద్దెకి పర్మిట్ ఉన్నది అదే. తెల్ల ప్లేటు కారుకి ఉండే ప్రైవేటు ఇన్సూరెన్స్ పాలసీ అద్దె వాడకానికి వర్తించదు, యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ తిరగ్గొడతారు. బండి తడిగా ఉంటే మీరే పొడిగుడ్డతో తుడిచి, నాలుగు వైపులా, బంపర్ల కిందా, మీటరు రీడింగుతో సహా వీడియో తీసి అక్కడికక్కడే వాడికే వాట్సాప్ చేయండి. టైరు పక్క గోడ మీద డీవోటీ (DOT) అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. నిలిచిన నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లోకి నీరు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేని పాలసీలో ఆ ఖర్చు రాదు, మీ మీదే వేస్తారు. ఒరిజినల్ లైసెన్స్ వాళ్ల చేతికి ఇవ్వొద్దు, డిజిలాకర్‌లో చూపిస్తే చాలు.

ఇప్పటికే డిపాజిట్ పోగొట్టుకున్నవాళ్లు చెల్లింపు స్క్రీన్‌షాట్లు, చాటింగ్ చెరిపేయకుండా ఉంచి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి.