ఇంపోర్టెడ్ గేమ్ డిస్క్ కొంటున్నారా? వెనక అట్ట చూడకుండా డబ్బు కట్టకండి

పోయిన నెల మా తమ్ముడి పుట్టినరోజుకని పీఎస్4 (ప్లేస్టేషన్ 4 కన్సోల్) గేమ్ డిస్క్ ఒకటి కొని 2,600 రూపాయలు పోగొట్టుకున్నాను. డిస్కులో లోపమేమీ లేదు, గేమ్ చక్కగా నడుస్తోంది. కానీ మొదటి స్క్రీన్ నుంచి అంతా జపనీసే. మాటలు జపనీస్, మెనూ జపనీస్, కింద వచ్చే అక్షరాలూ జపనీసే. మార్చుకునే దారి లేదు.

మా వాడికి చిన్నప్పటి నుంచి వినికిడి తక్కువ. మెషిన్ పెట్టుకున్నా, మ్యూజిక్ హోరులో, కత్తుల చప్పుళ్ల మధ్య పాత్రలు ఏమంటున్నాయో వాడికి అందదు. అందుకే మా ఇంట్లో ఏ గేమ్ కొన్నా ముందు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయా అని చూస్తాం. 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'ని వాడు ఎవరి సాయం లేకుండా పూర్తి చేశాడంటే కారణం ఆ అక్షరాలే. సైజు పెంచుకోవచ్చు, మాట్లాడేది ఎవరో పేరు వస్తుంది, గొంతు ఏ వైపు నుంచి వస్తోందో బాణం గుర్తు చూపిస్తుంది. ఈసారి కూడా నేను అడగకుండా కొనలేదు. రెండుసార్లు అడిగాను.

అమ్మింది సోషల్ మీడియాలో ఇంపోర్టెడ్ గేమ్స్ పెట్టే ఒక పేజీ. "సీల్డ్ పీస్ బ్రో, ఇంగ్లిష్ ఉంటుంది. లేకపోతే సెట్టింగ్స్‌లో మార్చుకో, లాంగ్వేజ్ ప్యాక్ డౌన్‌లోడ్ అవుతుంది" అన్నాడు. పంపిన ఫొటోలో ముందు అట్ట మాత్రమే ఉంది. దాని మీద పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండటంతో నేను నమ్మేశాను.

అతను చెప్పిన మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే మనం తేలిగ్గా పడిపోతాం. నిజంగానే కొన్ని గేమ్స్‌కు భాషలు విడిగా దించుకోవాలి. 2017లో ఇంగ్లిష్‌లో వచ్చిన 'పర్సోనా 5'కి జపనీస్ గొంతులు ఉచిత డీఎల్‌సీగా, అంటే గేమ్‌కు విడిగా దించుకునే అదనపు భాగంగా ఇచ్చారు. కానీ ప్లేస్టేషన్‌లో డీఎల్‌సీ పని చేయాలంటే డిస్క్ రీజియన్ (ఏ ప్రాంతం కోసం తయారైందో), మీ స్టోర్ అకౌంట్ రీజియన్ ఒకటే కావాలి. జపాన్ డిస్కుకు ఇండియా అకౌంట్‌లో ప్యాక్ దొరకదు. పైగా జపాన్‌లో అమ్మే చాలా కథా గేమ్స్‌లో అసలు ఇంగ్లిష్ పెట్టరు. కన్సోల్ భాషను ఇంగ్లిష్‌కి మార్చినా డిస్కులో లేనిది ఎక్కడి నుంచి వస్తుంది? ఆ రాత్రి నేను రెండు గంటలు సెట్టింగ్స్‌లో వెతుకుతూనే ఉన్నాను. మా వాడు పక్కన కూర్చుని "పర్లేదులే అన్నా" అంటుంటే ప్రాణం ఉసూరుమంది.

డిస్క్ ఎక్కడిదో అట్ట మీదే తెలుస్తుంది. కింది మూలలో వయసు గుర్తు ఉంటుంది. ఎ, బి, సి, డి, జెడ్ అక్షరాల్లో ఒకటి రంగు పట్టీ మీద ఉంటే అది జపాన్‌ది. ఇ, టి, ఎం అక్షరాలుంటే అమెరికాది. 3, 7, 12, 16, 18 అంకెలతో పెగి (PEGI) అనే వయసు గుర్తుంటే యూరప్ వైపుది. మన దగ్గర అధికారికంగా అమ్మేవి ఎక్కువగా ఈ పెగి గుర్తుతోనే వస్తాయి. పీఎస్4 డిస్క్ బాక్స్ మీద పీఎల్‌జేఎం, పీఎల్‌జేఎస్ అని మొదలయ్యే నంబర్ కనిపిస్తే జపాన్ సరుకే. ముఖ్యంగా వెనక అట్ట ఫొటో అడగండి, ఏ భాషలున్నాయో చాలావరకు అక్కడే రాస్తారు. ఫొటో పంపడానికి నసిగితే ఆ బేరం వదిలేయండి.

పీసీలో ఆడేవాళ్లకు, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో ప్రతి గేమ్ పేజీలో భాషల పట్టిక ఉంటుంది. ఇంటర్‌ఫేస్, ఫుల్ ఆడియో, సబ్‌టైటిల్స్ అని మూడు గడులు. ఇంగ్లిష్ వరసలో మొదటి రెండింటికీ టిక్ ఉండి, మూడోది ఖాళీగా ఉండే గేమ్స్ ఉన్నాయి. మా వాడిలాంటి వాళ్లకు ఆ ఒక్క గడే ముఖ్యం. ఇంకో తేడా కూడా గమనించండి. సబ్‌టైటిల్స్‌లో మాటలే వస్తాయి. వెనక అడుగుల చప్పుడు, తలుపు తెరుచుకున్న శబ్దం కూడా రాసి చూపించేవి క్లోజ్డ్ క్యాప్షన్స్. ఇవి అన్ని గేమ్స్‌లో ఉండవు.

కొన్నాక లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో భాష ఎంచుకోండి, దానికి కావాల్సిన ఫైల్స్ దిగుతాయి. తెరవగానే ఆటలోకి దూకకుండా ముందు సబ్‌టైటిల్స్ వస్తున్నాయో లేదో చూసుకోండి. కొని 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటల లోపు ఉంటేనే స్టీమ్ రీఫండ్ ఇస్తుంది. బయట చవగ్గా దొరికే 'కీ'లకు (స్టీమ్‌లో గేమ్ తెరిచే కోడ్‌లకు) ఆ రీఫండ్ కూడా లేదు. వేరే దేశాల కోసం తయారైన కీలలో రష్యన్ లాంటి ఒక్క భాషే తెరుచుకునేవి ఉంటాయి, జాగ్రత్త.

నా విషయానికొస్తే, నాకు డిస్క్ అమ్మిన అతను "సీల్ తీశాక వాపస్ ఉండదు బ్రో" అన్నాడు. కానీ 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. "ఇంగ్లిష్ ఉంటుంది" అని అతను రాసిన చాట్ నా దగ్గరే ఉంది. దాని స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఆ తర్వాత 1,500 ఇస్తానని మెసేజ్ పెట్టాడు. మొత్తం ఇవ్వాల్సిందే అని జవాబిచ్చాను, ఇంకా తేలలేదు. మీరూ ఇలా ఇరుక్కుని ఉంటే కోపంలో అతన్ని బ్లాక్ చేసి చాట్ తీసేయకండి. ముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని ఆ నంబర్‌కి ఫోన్ చేయండి.