బ్రాడీపేటలో మేము మందులు కొనే షాపు: ఆరేళ్ల అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మా వీధి చివర ఉన్న మందుల షాపులో 6 ఏళ్లుగా మా అమ్మకు నెలనెలా మందులు కొంటున్నాను. అమ్మకు 72 ఏళ్లు. షుగరు, బీపీ, థైరాయిడ్ మూడూ ఉన్నాయి. అంతకుముందు ఎక్కడ ఎక్కువ శాతం తగ్గిస్తే అక్కడే కొనేవాడిని. ఇక్కడ స్థిరపడటానికి కారణం, మొదటి రోజునే ఇక్కడి ఫార్మసిస్టు గారు చీటీ పక్కన పెట్టి, "అమ్మగారూ, ఏ మాత్ర ఏ వేళకు ఎలా వేసుకుంటున్నారో చెప్పండి" అని అడగటం.

అమ్మ చెబుతుంటే మాకు తెలియని పొరపాట్లు బయటపడ్డాయి. పరగడుపున థైరాయిడ్ మాత్రతోపాటే క్యాల్షియం మాత్ర కూడా మింగుతోంది; క్యాల్షియం ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదని, రెంటికీ 4 గంటల ఎడం ఉండాలని చెప్పి, క్యాల్షియాన్ని మధ్యాహ్న భోజనం తర్వాతకు మార్పించారు. షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్. మాత్ర లావుగా ఉందని అమ్మ దాన్ని నూరుకొని తాగేది. గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదల కావలసిన మందు అలా నూరితే ఒక్కసారిగా విడుదలవుతుందని ఆవిడ చెప్పేదాకా, అమ్మకు వచ్చే కడుపునొప్పినీ విరేచనాలనూ వయసు వల్ల వచ్చినవే అనుకున్నాం.

రెండేళ్ల క్రితం వేరే డాక్టరు గారికి చూపించినప్పుడు కొత్త బీపీ మాత్ర రాశారు. పాతదీ కొత్తదీ కలిపి వేసుకుంటూ, పొద్దున మంచం దిగగానే కళ్లు తిరిగి అమ్మ గోడ పట్టుకునేది. రెండు స్ట్రిప్పులూ తీసుకెళితే, ఫార్మసిస్టు గారు వాటిని పక్కపక్కన పెట్టి, వేర్వేరు కంపెనీ పేర్ల కింద చిన్న అక్షరాల్లో ఉన్న "టెల్మిసార్టాన్ 40 మి.గ్రా." అన్న మాటను రెంటి మీదా వేలితో చూపించారు; రెండూ ఒకే మందు. అయినా తనంతట తాను ఆపమనలేదు. మా ఎదుటే డాక్టరు గారికి ఫోన్ చేసి, ఆయన సరేనన్న తర్వాతే ఒకటి ఆపించారు. ఆ జాగ్రత్తకే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

మందుల వాడకం గురించి రోగికి వివరించటం 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం ఫార్మసిస్టు బాధ్యతే. కానీ నేను తిరిగిన షాపుల్లో చాలావరకు స్ట్రిప్పు కత్తిరించి కవరులో వేసేవారు, అంతే. ఇక్కడ కత్తిరించవలసి వస్తే పేరు, గడువు తేదీ ఉన్న ముక్కే మనకిస్తారు. అమ్మ చదువుకోగలిగేలా కవరు మీద పెద్ద అక్షరాలతో వేళ రాస్తారు. ఒకసారి 30 మాత్రలు 40 రోజులు వచ్చాయని గమనించి, మిగతా పది రోజులు ఏమయ్యాయని అమ్మనే అడిగారు. షుగరు తగ్గిందని మధ్యమధ్యలో మానేస్తున్నానని అమ్మ నాకు చెప్పని మాట ఆవిడకు చెప్పింది.

లోపాలూ ఉన్నాయి. తగ్గింపు తక్కువ. రాత్రి 7 నుంచి 9 దాకా రద్దీలో కుర్రాళ్లే మందులిస్తారు, ఏమీ అడగరు. ఆదివారం ఆవిడ ఉండరు. కొత్తగా వెళ్లేవారు పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో, ఇంట్లో ఉన్న పాత స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్లండి.