రామతీర్థంలో ఒక ఆదివారం, రెండున్నర కొండలు

రామతీర్థం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు శివరాత్రి జాగారానికి అమ్మమ్మ తీసుకెళ్లేది. రాముడి గుడి దగ్గర శివరాత్రి ఏటని అప్పుడు నేనూ అడగలేదు. గుడి చుట్టూ ఉన్న కొండలు ఎక్కింది మాత్రం మొన్న జనవరిలోనే. హైదరాబాద్ నుంచి వచ్చిన స్నేహితుడు "అరకు వద్దు గురూ, జనం. ఎవరూ లేని కొండ ఏదైనా చూపించు" అన్నాడు. చూపించాను. సాయంత్రానికి మోకాళ్లు పట్టుకుని నన్నే తిట్టాడు.

బస విజయనగరంలో పెట్టుకున్నాం. రామతీర్థం అక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లే. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో గది తొమ్మిది వందలు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, గీజరే పనిచెయ్యలేదు. రోడ్డు వైపు గది కావడంతో బస్సుల హారన్లకి నాలుగింటికే మెలకువ వచ్చేసింది. మీరు వెళ్తే వెనకవైపు గది అడగండి.

ఉదయం ఆటో మాట్లాడబోతే వెయిటింగ్‌తో కలిపి వెయ్యి అన్నాడు. వద్దనుకుని షేర్ ఆటోలో నెల్లిమర్ల, అక్కడ టిఫిన్, మళ్లీ ఇంకో ఆటో. ఇద్దరికీ వందలోపే అయింది. ఆ వెయ్యి ఎందుకు ఇవ్వలేదా అని సాయంత్రం అనుకున్నాం, అది తర్వాత చెప్తాను.

ముందు గురుభక్తులకొండ ఎక్కండి. ఎండ ముదరక ముందు, కాళ్లలో సత్తువ ఉండగానే ఎక్కాల్సిన కొండ అది. కొంత దూరం మెట్లు, ఆ పైన నున్నటి రాతి పలక మీద నడక. మంచు తడికి నా చెప్పులు రెండుసార్లు జారాయి. బూట్లు వేసుకోమని వాడు ముందే చెప్పాడు, నేనే వినలేదు. ఐదు వందల అడుగుల ఎత్తే కదా అనుకుంటాం గానీ, సగానికి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి.

పైకి చేరాక ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క లోయ, మధ్యలో సన్నగా పొడుగ్గా ఒక తిన్నె. ఆ తిన్నె మీదే వరసగా బౌద్ధుల ఇటుక కట్టడాలు. చైత్యాల (ప్రార్థనా మందిరాల) పునాదులు, భిక్షువులుండే గదుల గోడలు మోకాలెత్తున మిగిలాయి. పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే 1910 ప్రాంతంలో ఇక్కడ తవ్వించినప్పుడు శివమకరాజు పేరున్న మట్టి ముద్ర ఒకటి దొరికింది. మా వాడు ఆ ముద్ర సంగతి పట్టించుకోలేదు. ఒక ఇటుక పక్కన మోచెయ్యి ఆనించి కొలుచుకుంటూ కూర్చున్నాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా వచ్చింది. "ఇంత ఇటుక ఒక్కోటీ ఇంత ఎత్తుకి ఎవడు మోశాడు గురూ?" అన్నాడు. మేం మోసిన బరువల్లా రెండు లీటర్ల నీళ్లు, నాలుగు తేగలు. నీళ్లు కిందకి దిగకముందే అయిపోయాయి. పైన కొనుక్కోడానికి ఏమీ దొరకదు, ఒకరికి కనీసం రెండు లీటర్లు పట్టుకెళ్లండి.

అక్కడ గంటన్నర ఉన్నాం. మేకల్ని తోలుకొచ్చిన ఒక ముసలాయన తప్ప ఇంకెవరూ రాలేదు. దూరంగా మెరుస్తున్నది చంపావతి అని నేను, కాదు చెరువని వాడు. ఆయన్ని అడిగితే "రెండూ ఉన్నాయి బావూ" అని మేకల వెనక పోయాడు.

ఆ తర్వాత ఎక్కిన బోడికొండ దగ్గర వేరే లోకం. కోదండరాముడి కోసం ఎక్కే జనం, మెట్లు, కోతులు. మిగిలిన తేగ ఒక కోతి పట్టుకుపోయింది. 2020 డిసెంబరులో పైన విగ్రహాన్ని ధ్వంసం చేసిన సంగతి గుర్తుండే ఉంటుంది. విగ్రహం తల పక్కనున్న కొలనులోనే దొరికింది. గుడిని రాతితో మళ్లీ కట్టి, 2022 ఏప్రిల్‌లో కొత్త విగ్రహాల్ని ప్రతిష్ఠించారు. కొలను గట్టున కాసేపు కూర్చున్నాం. చల్లగా ఉంది. ఇదే కొండ మీద జైన తీర్థంకరుల శిల్పాలు కూడా ఉన్నాయి. అటువైపు మేం తప్ప ఎవరూ రాలేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఈ ఒక్క కొండ చాలు. మా ఇద్దరికి మాత్రం పొద్దుటి కొండ చూశాక ఇది కొంచెం చప్పగా అనిపించింది.

దిగి టీ తాగుతుంటే కొట్టావిడ "గురుభక్తులకొండ కూడా ఎక్కినారా? అక్కడ దేవుడు లేడు కదా బావూ?" అంది. మా వాడు ఏం చెప్పాలో తెలీక ఇంకో టీ చెప్పాడు.

మూడోదైన దుర్గకొండకి బయల్దేరేసరికి మూడున్నర. సగం దారిలో వాడు ఒక బండ మీద కూర్చుని బూట్లు విప్పేశాడు. నేనొక్కణ్ణే ఇంకొంచెం పైకి వెళ్లాను గానీ, వెలుతురు తగ్గుతుంటే ముళ్లపొదల్లో దారి వెతకడం టెన్షన్ అనిపించి తిరిగొచ్చేశాను. కాబట్టి ఆ కొండ గురించి నన్ను అడగొద్దు. ఒక్క రోజులో మూడూ ఎక్కాలంటే ఏడింటికల్లా మొదటి మెట్టు మీద ఉండాలి. మేం తొమ్మిదింటికి మొదలుపెట్టాం.

ఆరు దాటాక షేర్ ఆటోలు లేవు. ముప్పావుగంట నిలబడ్డాం. సొంత బండి ఉంటే దాని మీదే వెళ్లండి, లేదా రిటర్న్ ఆటో ముందే మాట్లాడుకోండి. చివరికి కొబ్బరికాయల ఆటో ఒకటి ఆగింది. వెనక కాయల మీద కూర్చుని నెల్లిమర్ల దాకా వచ్చాం. దిగేటప్పుడు డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు, మా వాడు పట్టుబట్టి యాభైకి కాయలు కొన్నాడు. లాడ్జికి వెళ్లాక అవి కొట్టుకోడానికి కత్తి లేదు.